తెరమీది తెలుగు ఆటలో అందేదెలా: గేములు తయారుచేసేవారికి సమగ్ర మార్గదర్శి

గచ్చిబౌలి, మాదాపూర్ పరిసరాల్లో గేములు తయారుచేసే చిన్న బృందాలు తమ ఆటకు తెలుగు చేర్చాలనుకున్నప్పుడు తరచు ఆ పనిని చివరి నెలకు వదిలేస్తాయి. ఇంగ్లీషు వాక్యాలున్న ఫైలును అనువాదానికి పంపి, తిరిగి వచ్చిన తెలుగును అవే పెట్టెల్లో, అదే సైజులో, అంతే సమయం నిలిచేలా నింపేస్తారు. ఆ తరువాత ఆడేవారు ఆ మాటలను చూడకుండా దాటేస్తే, మనవాళ్ళు అసలు చదవరన్న తీర్పు వినిపిస్తుంది. ఆ తీర్పు అన్యాయమైనదని నా గట్టి అభిప్రాయం. చదవకపోవడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం బద్ధకం కాదు. ఆ క్షణంలో కంటికి తీరిక లేకపోవడమో, తీరిక ఉన్నా అక్షరం పోల్చుకోవడానికి వీలుగా లేకపోవడమో అసలు కారణం. ఈ రెండింటినీ సరిచేయడం రూపకర్త చేతిలోని పని. దానిని ఏ క్రమంలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా: ఆడుతున్న కన్ను ఎలా చదువుతుంది

చదివేటప్పుడు కన్ను పంక్తి వెంట నున్నగా జారిపోదు. ఒక చోట ఆగుతుంది, గెంతుతుంది, మరో చోట ఆగుతుంది. ఒక్కొక్క ఆగుదల సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు ఉంటుంది, గెంతు జరిగే కొద్ది మిల్లీసెకన్లలో చూపు దాదాపు పనిచేయదు. పైగా అక్షరాన్ని పోల్చుకునేంత స్పష్టత చూపు మధ్యలో సుమారు 2 డిగ్రీల మేరకే ఉంటుంది. అది చేయి చాచి చూసుకున్న బొటనవేలి గోరంత వెడల్పు. 43 అంగుళాల టీవీని రెండున్నర మీటర్ల దూరం నుంచి చూసే ఇంట్లో లెక్క వేస్తే, సుమారు 95 సెంటీమీటర్ల తెర వెడల్పులో ఏ క్షణానికైనా అక్షరాలు స్పష్టంగా అందేది 9 సెంటీమీటర్ల మేరకు మాత్రమే. మిగిలినదంతా కంటికి రంగుగా, కదలికగా, ఆకారంగా తెలుస్తుంది కానీ మాటగా తెలియదు.

దీని ఫలితం ఆటలో ఎలా ఉంటుందో చూడండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల వేగంతో కారు నడిపే గేమును మీరు తయారుచేస్తున్నారనుకుందాం. తెర మూలన కనిపించిన రెండు మాటల సూచన కోసం చూపు అక్కడికి గెంతి, ఒకటి రెండు చోట్ల ఆగి, తిరిగి రోడ్డు మీదికి రావడానికి అర సెకనుకు తక్కువ పట్టదు. ఆ అర సెకనులో కారు సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. ఆడేవారికి ఈ లెక్క తెలియకపోయినా దాని నష్టం అనుభవంలోకి వస్తుంది కనుక, కొద్దిసేపటికే మూలవైపు చూడడం మానేస్తారు. అది వారు చేసుకున్న తెలివైన నిర్ణయం, నిర్లక్ష్యం కాదు.

దృష్టి ఒక పనిలో పూర్తిగా నిమగ్నమైనప్పుడు ఎదురుగా ఉన్నది కూడా మనసుకు ఎక్కదని డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షబ్రీ 1999లో ప్రకటించిన ప్రయోగం చూపింది. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెడుతూ వీడియో చూసినవారిలో దాదాపు సగం మంది, మధ్యలోంచి గొరిల్లా వేషంలో నడిచిపోయిన మనిషిని గమనించనే లేదు. శత్రువులు చుట్టుముట్టిన వేళ తెర మధ్యలో పాఠం చెప్పే వాక్యానికి పట్టే గతి కూడా ఇదే.

మొదటి అడుగు: వాక్యాలను కంటి తీరికను బట్టి విడదీయండి

గేములోని వాక్యాలన్నీ ఉన్న స్ప్రెడ్‌షీటును తెరిచి, ప్రతి వాక్యం పక్కన ఒక కొత్త గడి చేర్చండి. ఆ వాక్యం తెరమీదికి వచ్చినప్పుడు ఆడేవారి చేతులు, కళ్ళు ఏం చేస్తుంటాయో అందులో రాయండి. ఈ పని విసుగు పుట్టించేదే అయినా దీనిని దాటవేస్తే తరువాతి అడుగులేవీ నిలబడవు.

అలా రాసుకున్నాక వాక్యాలు మూడు రకాలుగా తేలతాయి. ఒక్క చూపులో పట్టుకోవలసినవి మొదటి రకం: మిగిలిన బుల్లెట్లు, హెల్త్, ఏ బటన్ నొక్కాలన్న సూచన. ఆటతో పాటు నడిచేవి రెండవ రకం: సబ్‌టైటిళ్ళు, తరువాత ఎక్కడికి వెళ్ళాలో చెప్పే వాక్యాలు. ఆట ఆగినప్పుడో, ప్రమాదం లేనప్పుడో నింపాదిగా చదివేవి మూడవ రకం: మెనూలు, వస్తువుల వివరాలు, కథలో దొరికే ఉత్తరాలు. మొదటి రకంలో రెండు మాటలకు మించినది ఏదైనా ఉంటే దానిని గుర్తుగానో అంకెగానో మార్చండి, లేదా ముందు జరిగే ప్రశాంతమైన ఘట్టానికి తరలించండి. అంకెలను 0 నుంచి 9 వరకు అందరూ వాడే రూపంలోనే ఉంచండి. తెలుగు అంకెలను ఒక్క చూపులో చదవగలవారు ఇప్పుడు చాలా తక్కువ.

రెండవ అడుగు: నిలిచే సమయాన్ని అక్షరాల్లో లెక్కకట్టండి

ఇంగ్లీషులో మౌనంగా చదివే వేగం కథేతర రచనకు నిమిషానికి సగటున 238 మాటలని మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో అనేక పరిశోధనలను కలిపి తేల్చారు. ఆ అంకెను తెలుగుకు నేరుగా తీసుకోవడం పెద్ద పొరపాటు. ఇంగ్లీషులో నాలుగైదు మాటలుగా విడివిడిగా ఉండేది తెలుగులో "రాలేకపోతున్నామని" అన్న ఒక్క మాటలో ఇమిడిపోతుంది. మాటలను లెక్కపెట్టి సమయం నిర్ణయిస్తే ఇటువంటి వాక్యం చదవడం పూర్తికాకముందే మాయమవుతుంది. కంప్యూటరు చూపే క్యారెక్టర్ల సంఖ్య కూడా నమ్మదగినది కాదు. "స్త్రీ" అన్నది కంటికి ఒక అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను నిల్వచేసుకునే యూనికోడ్ పద్ధతిలో అది 6 సంకేతాలు. "లక్ష్మి" రెండు అక్షరాలు, సంకేతాలు 7. కాబట్టి మన కొలమానం పలికే అక్షరమే కావాలి.

మీ ఆడేవారి వేగాన్ని మీరే కొలవండి. సుమారు 100 అక్షరాలున్న మామూలు సంభాషణను అదే తెరమీద, అదే ఫాంటులో చూపించి, మౌనంగా చదివి పూర్తయిన వెంటనే బటన్ నొక్కమనండి. ఆ తరువాత అందులో ఏముందో ఒక మాటలో చెప్పించండి, ఎందుకంటే పైపైన చూసి నొక్కేసినవారి సమయాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. వచ్చిన ఫలితాల్లో సగటును కాకుండా నెమ్మదిగా చదివినవారి వేగాన్ని ప్రమాణంగా పెట్టుకోండి. సగటును తీసుకుంటే సగానికి సగం మందికి వాక్యం మధ్యలోనే తెగిపోతుంది. ఆ సమయానికి ఇంకో అర సెకను పైగా కలపండి. మాట కనిపించిందని కన్ను గుర్తించి అక్కడికి చేరడానికి అది అవసరం.

హైదరాబాద్‌లో ఈ కొలత ప్రత్యేకమైన శ్రద్ధను కోరుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న పిల్లలు తెలుగు వింటే వెంటనే గ్రహిస్తారు, చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. పాతబస్తీలో ఉర్దూ ఇంటి భాషగా పెరిగినవారిలో తెలుగు ధారాళంగా మాట్లాడుతూ చదవలేనివారు ఉంటారు. మరోవైపు జిల్లాల్లో తెలుగు మీడియంలో చదివి, కోచింగ్ కోసం అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉంటున్న విద్యార్థులకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళ కన్నా తెలుగు ఎంతో వేగంగా అందుతుంది. ఈ మూడు రకాల వారినీ కొలవకుండా ఒక్క అంకెను ఖాయం చేయకండి. కథకు కీలకమైన వాక్యాలను బటన్ నొక్కితేనే ముందుకు జరిగేలా ఉంచి, తనంతట తాను జరిగే పద్ధతిని సెట్టింగులలో ఒక ఎంపికగా ఇవ్వడం అన్నింటికన్నా క్షేమకరం.

గొంతు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. చదివిన మాటను మనసు లోపల పలుకుకుంటుందని, మాటలను కొద్దిసేపు నిలిపే ఆ భాగమే విన్న మాటకు కూడా చోటిస్తుందని బాడ్లీ, హిచ్ 1974లో ప్రతిపాదించిన స్మృతి నమూనా చెబుతుంది. పాత్ర ఒక సంగతి పలుకుతున్నప్పుడు తెరమీద వేరే సంగతి కనిపిస్తే రెండూ ఒకదానినొకటి చెరుపుకుంటాయి. పాత్ర మాట పూర్తయ్యాకే సూచనను తెరమీదికి తెండి.

మూడవ అడుగు: సైజు, పంక్తుల ఎడం, అక్షర రూపం

2006లో వచ్చిన డెడ్ రైజింగ్ గేమును పాత రకం టీవీలలో ఆడినవారు అందులోని అక్షరాలు చదవడానికి వీలు లేనంత చిన్నవిగా ఉన్నాయని ఫిర్యాదు చేశారు. తయారుచేసేవారు డెస్కు మీది మానిటరుకు దగ్గరగా కూర్చుని పనిచేస్తారు, ఆడేవారు సోఫాలో దూరంగా కూర్చుంటారు. ఈ తేడాను మరచినంత కాలం ఇటువంటి ఫిర్యాదులు తప్పవు. టీవీలో ఆడే గేములకు అక్షరం ఎత్తు 1080పి తెరమీద కనీసం 26 పిక్సెళ్ళు, 4కె తెరమీద 52 పిక్సెళ్ళు, కంప్యూటరులో ఆడేవాటికి 1080పి మీద 18 పిక్సెళ్ళు ఉండాలని ఎక్స్‌బాక్స్ సౌలభ్య మార్గదర్శకాలు సూచిస్తాయి. మామూలు సైజు అక్షరానికి, దాని వెనుక రంగుకు మధ్య వెలుగులో కనీసం 4.5కు 1 నిష్పత్తిలో వ్యత్యాసం (కాంట్రాస్ట్) ఉండాలన్నది కూడా స్థిరపడిన ప్రమాణమే.

తెలుగుకు ఈ కనీసాలు చాలవని నేను భావిస్తాను. ద, ధ, థ మధ్య, ప, ఫ, ష మధ్య తేడా ఒక చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది. వత్తులు అసలు అక్షరం కన్నా చిన్నవిగా అక్షరం కిందో పక్కనో చేరతాయి. ఇంగ్లీషు అక్షరం హాయిగా చదవగలిగే సైజులో ఈ చిన్న భాగాలు మసకబారతాయి. ఇంగ్లీషుకు మీరు ఎంచుకున్న సైజును నాలుగో వంతు పెంచి మొదలుపెట్టి, "వాడు, పాడు", "పదం, పథం" వంటి జంటలను ఆడే దూరం నుంచి చూపించి తేడా పోల్చగలుగుతున్నారో లేదో పరీక్షించండి. ఒక్కరు తడబడినా ఇంకొంచెం పెంచండి.

పంక్తుల మధ్య ఎడం గురించి మరింత పట్టుదల కావాలి. పై పంక్తిలోని వత్తు, కింది పంక్తిలోని గుడి ఒకదానికొకటి తగిలితే ఆ రెండు మాటలూ పాడవుతాయి. పక్కపక్కన ఇరుకుగా ఉన్న ఆకారాలను చూపు అంచులో విడదీసి గుర్తించలేమని, చూపు మధ్య నుంచి ఎంత దూరంలో ఉంటే అందులో సుమారు సగం ఎడం కావాలని హెర్మన్ బౌమా 1970లో చూపారు. అక్షరం కింద అక్షరం చేరే మన లిపికి ఈ ఇరుకు ఇంకా ఎక్కువ. ఫాంటు సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు పంక్తి ఎత్తు ఇవ్వండి, "స్వాతంత్ర్యం", "రాష్ట్రీయ" వంటి మాటలు ఉన్న రెండు పంక్తులను ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. సబ్‌టైటిల్ రెండు పంక్తులు దాటకూడదు.

ఫాంటు విషయంలో అలంకారం కన్నా తెరిపి ముఖ్యం. నోటో శాన్స్ తెలుగు, మండలి వంటివి తెరమీద నిలకడగా కనిపిస్తాయి. బొద్దుగా, గుండ్రంగా గీసిన శీర్షిక ఫాంటులను గేము పేరుకు వాడుకోండి, సంభాషణకు వాడకండి. అక్షరం చుట్టూ మందమైన అంచు గీయడం ఇంగ్లీషులో మామూలు. తెలుగులో అది అక్షరాల లోపలి ఖాళీలను పూడ్చేస్తుంది కనుక, అంచుకు బదులు వెనుక పలుచని నల్లటి పట్టీ వేయండి. ఇంగ్లీషులో నొక్కి చెప్పడానికి వాడే పెద్ద బడి అక్షరాలు (క్యాపిటల్స్) మనకు లేవు, వాలు అక్షరాలు మన కంటికి అలవాటు లేదు. రంగుతో గాని, కొద్దిపాటి మందంతో గాని, చుట్టూ ఖాళీతో గాని ఆ పని చేయించుకోవాలి. రంగు ఒక్కదానినే నమ్ముకోకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు కూడా ఆడతారు.

నాలుగవ అడుగు: ఇంజిన్ అక్షరాన్ని సరిగ్గా కూరుస్తోందా

తెలుగు అక్షరం వరుసగా పేర్చిన సంకేతాలతో తయారు కాదు. ఆ సంకేతాలను చూసి సరైన గుణింతాన్ని, వత్తును ఎంచి అమర్చే పొర ఒకటి ఉండాలి. హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఆ పని చేస్తుంది. గేమును నిర్మించి నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఇంజిన్ అంటారు, వాటిలో అన్‌రియల్ ఇంజిన్ హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది. 2023లో వచ్చిన గోడో 4 ఇంజిన్ కూడా దానిని చేర్చుకుంది, అంతకు ముందరి గోడో 3లో ఆ సదుపాయం లేదు. యూనిటీ ఇంజిన్‌లో అక్షరాలు చూపడానికి ఎంతో కాలంగా వాడుతున్న టెక్స్ట్‌మెష్ ప్రో తనంతట తాను తెలుగు వత్తులను కూర్చదు కనుక, యూనిటీలో పనిచేసేవారు ఈ సంగతిని ప్రాజెక్టు మొదటి వారంలోనే తేల్చుకోవాలి. చివర్లో కనిపెడితే ప్రతి పెట్టెనూ బొమ్మగా మార్చి అతికించవలసిన దుస్థితి వస్తుంది.

సంభాషణను ఒక్కొక్క అక్షరంగా తెరమీద రాల్చే పద్ధతి మరో చిక్కు తెస్తుంది. సంకేతం తరువాత సంకేతంగా చూపిస్తే "స్త్రీ" అన్నది మొదట "స"గా, తరువాత పొల్లుతో "స్"గా, ఆపై "స్త"గా, "స్త్"గా, "స్త్ర"గా రూపం మార్చుకుంటూ చివరికి అసలు రూపానికి వస్తుంది. కళ్ళ ముందు ఆకారాలు మారుతుంటే కన్ను ప్రతిసారీ కొత్తగా పోల్చుకోవలసి వస్తుంది, చదువు కుంటుపడుతుంది. అక్షరాన్ని పూర్తిగా ఒకేసారి చూపించాలి. సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా గుర్తించే నియమం యూనికోడ్ 15.1లో, అంటే 2023లో, తెలుగు సహా కొన్ని భారతీయ లిపులకు చేరింది. అంతకన్నా పాత సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు "స్త్రీ"ని మూడు ముక్కలు చేస్తాయి. మీరు వాడేది ఏ వెర్షనో చూసుకోండి. నన్నడిగితే, తెలుగులో మాట మొత్తాన్ని ఒకేసారి చూపిస్తూ మాట తరువాత మాటగా నడిపించడమే మేలు. బటన్ ఒకసారి నొక్కితే వాక్యం పూర్తిగా కనిపించాలి, రెండవసారి నొక్కితేనే ముందుకు పోవాలి.

ఐదవ అడుగు: ఎక్కడ పెట్టాలి, కన్నును ఎలా పిలవాలి

ఆడేవారి చూపు ఎక్కువసేపు ఉండే చోటుకు దగ్గరలో మొదటి రకం మాటలను పెట్టండి. తలుపు తెరిచే బటన్ గుర్తు తలుపు మీదే ఉండాలి. చూపు అంచుకు అక్షరం తెలియకపోయినా కదలిక బాగా తెలుస్తుంది. అందువల్ల మూలన కొత్త సూచన వచ్చినప్పుడు అది కొద్దిగా కదిలి, వెంటనే నిశ్చలంగా నిలబడాలి. కదులుతూనే ఉంటే చదవడం సాధ్యం కాదు. ఒకే సమయంలో రెండు మూలల్లో రెండు సూచనలు కదిలితే రెండూ వృథా అవుతాయి. మాయమైన ప్రతి సూచనా మెనూలో మళ్ళీ దొరకాలి, ఎందుకంటే మనసు ఒకసారికి పట్టి ఉంచుకోగలిగేది నాలుగు సంగతులకు మించదని నెల్సన్ కోవన్ 2001లో వాదించిన తరువాత ఆ అంచనాకే ఎక్కువ ఆదరణ ఉంది.

ఆరవ అడుగు: మాటలు

ఆడేవారు నోటితో అనే మాటనే రాయండి. సేవ్, లోడ్, లెవెల్, రీలోడ్ అన్నవి తెలుగు లిపిలో ఉంటే ఒక్క చూపులో అందుతాయి. క్రియను వాక్యం చివరికి నెట్టే మన అలవాటు వల్ల ఏం చేయాలో చివరిదాకా తెలియదు కనుక, సూచనలను వీలైనంత చిన్నవిగా, ఒక్కొక్క దానిలో ఒకే పని ఉండేలా విడగొట్టండి.

ఏడవ అడుగు: ఊళ్ళో పరీక్షించండి

ఆఫీసు గదిలో, ఏసీ కింద, కొత్త ఫోను మీద చేసిన పరీక్ష సగం పరీక్షే. హైదరాబాద్ మెట్రో మార్గమంతా నేల పైన స్తంభాల మీదే నడుస్తుంది. మధ్యాహ్నం నాగోలు నుంచి రాయదుర్గం వెళ్ళే బండిలో కిటికీ ఎండ ఫోను మీద పడినప్పుడు లేత బూడిద రంగు అక్షరాలు ఏమవుతాయో అక్కడే చూడాలి. గుంతల రోడ్డు మీద ఆర్టీసీ బస్సులో ఫోను ఊగుతున్నప్పుడు ఏ సైజు నిలబడుతుందో కూడా అక్కడే తెలుస్తుంది. కూకట్‌పల్లి వంటి చోట్ల గేమింగ్ సెంటర్ల యజమానులను అడిగి, వారి అనుమతితో అక్కడికి వచ్చేవారి చేత ఆడించండి. పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

ఆడుతున్నవారిని "అది చదివారా?" అని అడగకండి. మర్యాద కోసం చాలామంది చదివామనే చెబుతారు. ఆడుతుండగా మౌనంగా గమనించి, కొంతసేపయ్యాక "ఇప్పుడు ఏం చేయాలండీ?" అని అడగండి. జవాబు రాకపోతే తప్పు వాక్యానిదో చోటుదో సమయానిదో తేల్చుకోవాలి. దానికి తేలికైన పద్ధతి ఒకటి ఉంది: ఆట ఆపి అదే వాక్యాన్ని అదే సైజులో మళ్ళీ చూపించండి. ఇప్పుడు గడగడ చదివితే సమయమో చోటో సరిగా లేదు. ఇప్పుడు కూడా తడబడితే అక్షరమో మాటో సరిగా లేదు. ఈ ఒక్క విభజన ఎన్నో వాదనలను తీర్చేస్తుంది.

అందరినీ పరీక్షించాక నివేదిక రాసే పద్ధతి కన్నా, స్పష్టంగా తెలిసిన లోపాన్ని వెంటనే సరిచేసి తరువాతి మనిషికి సరిచేసిన రూపాన్ని చూపించే పద్ధతి చిన్న బృందాలకు బాగా సరిపోతుంది. మైక్రోసాఫ్ట్‌లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 శిక్షణ ఘట్టాలను మెరుగుపరచినప్పుడు ఈ పద్ధతినే వాడి, 2002లో దానిని వివరించారు. సరిచేసిన వాక్యాన్ని స్ప్రెడ్‌షీటులో పాత రూపం పక్కనే ఉంచి, ఏ కారణంతో మార్చారో ఒక పంక్తి రాయండి. తరువాతి అప్‌డేటులో కొత్త వాక్యాలు చేరినప్పుడు అనువాదకులకు ఫైలుతో పాటు ఆ కారణాలను, ప్రతి వాక్యానికి ఉన్న అక్షరాల పరిమితిని, అది తెరమీద ఎంతసేపు నిలుస్తుందన్న అంకెను కూడా పంపండి.